ఓయూలో జర్నలిజం పీజీ చేద్దామనుకుంటున్నా, మా నాయన్ను ఎట్లా ఒప్పించాలి?

బత్తాయితోట (దేవరకొండ)
3 మే, రాత్రి 9:12

అందరికీ నమస్తే. మాది దేవరకొండ పక్కన చిన్న ఊరు. నల్లగొండలో బీకాం ఫైనలియర్ పరీక్షలు రాస్తున్నా. అయిపోయాక ఉస్మానియాలో కమ్యూనికేషన్ అండ్ జర్నలిజంలో పీజీ చేయాలని ఉంది.

నాకు టీవీలో కనబడాలన్న కోరిక లేదు. మా వైపు ఊళ్ళ గురించి పేపర్లో వచ్చినప్పుడల్లా రెండు ముక్కల్లో తేల్చేస్తారు, ఆ రెండు ముక్కల్లో ఒకటి తప్పుంటుంది. పోయినేడు మా పక్క తండాలో బోరు చెడిపోయి నెల రోజులు నీళ్ళు రాలేదు. వార్త వచ్చింది కానీ తండా పేరు వేరేది పడింది. ఆ కాగితం పట్టుకుని ఆఫీసుకు పోతే, "ఈ తండాలో నీళ్ళు బాగానే వస్తున్నాయి కదా" అన్నారట. నిజమే, పేపర్లో ఉన్న తండాలో బాగానే వస్తున్నాయి! అప్పటి నుంచి నా మనసు ఈ చదువు మీదికి పోయింది.

మా నాయన మాట వేరు. "బీఈడీ చెయ్, లేకపోతే గ్రూప్స్ కోచింగ్‌కు పో. పేపరోళ్ళ చదువు ఆడపిల్లకు ఎందుకు" అంటాడు. ఆయన కోపంతో అనడం లేదు, భయంతో అంటున్నాడు. నాకూ టెన్షన్ ఉంది. నా ఇంగ్లిష్ అంతంతమాత్రం. ఉద్యోగం వస్తుందో రాదో తెలియదు. అంత పెద్ద యూనివర్సిటీలో నాలాంటివాళ్ళను ఎవరు పట్టించుకుంటారన్న దిగులు వేరే. చదివినవాళ్ళు, ఆ పనిలో ఉన్నవాళ్ళు ఉన్నదున్నట్టు చెప్పండి.

మూసీగట్టు (సూర్యాపేట)
3 మే, రాత్రి 9:40

చెల్లే, ముందు అడ్మిషన్ సంగతి చూసుకో. సీపీగెట్ రాయాలి. ఉస్మానియా, కాకతీయ, పాలమూరు, మన మహాత్మాగాంధీ యూనివర్సిటీ, వీటన్నింటి పీజీలకు కలిపి ఒకటే ఎంట్రెన్స్. 100 ప్రశ్నలు, గంటన్నర టైం. జర్నలిజానికి ఏ డిగ్రీ అయినా సరే, బీకాం నీకు అడ్డం కాదు. హెచ్‌సీయూలో కూడా కమ్యూనికేషన్ పీజీ ఉంది, కానీ అది సెంట్రల్ యూనివర్సిటీ కాబట్టి సీయూఈటీ పీజీ అనే ఎంట్రెన్స్ వేరే రాయాలి. ఈ ఏడాదికి అది దాటిపోయింది.

కులం, ఆదాయం సర్టిఫికెట్లు ఇప్పుడే తీసి పెట్టుకో. ఫీజు రీయింబర్స్‌మెంట్‌కు, హాస్టల్‌కు అవే ప్రాణం.

డెస్క్_మనిషి (నల్లగొండ, ఇప్పుడు హైదరాబాద్)
3 మే, రాత్రి 1:25

డ్యూటీ దిగి ఇప్పుడే చూశా. 14 ఏళ్ళుగా పేపర్ డెస్క్‌లో సబ్ ఎడిటర్‌ని, అంటే విలేకర్లు పంపిన వార్తలు దిద్దే పని. నిన్ను వెనక్కి లాగాలని కాదమ్మా, అన్నీ తెలిసి దిగాలని రాస్తున్నా.

మా పని పొద్దుగూకే వేళ మొదలవుతుంది. జిల్లా పేజీలు ప్రింటింగ్‌కు వదిలి, సిటీ పేజీలు చూసి, బయటపడేసరికి ఈ టైం. పండగ పూట ఇంట్లో ఉండం. జీతం సాఫ్ట్‌వేర్ వాళ్ళతో పోల్చుకోకూడదు. నేను మధ్యలో ఒక చానెల్‌కు మారాను. ఆరు నెలలు సరిగ్గా ఇచ్చారు, తర్వాత నాలుగు నెలలు ఒక్క రూపాయి రాలేదు. ఆ నాలుగు నెలలు ఇంటి కిరాయి మా బావమరిది కట్టాడు. ఆ బాకీ తీర్చడానికి నాకు రెండేళ్ళు పట్టింది.

ఇంకొకటి చెప్తా. మా బాబాయి 20 ఏళ్ళు మండల విలేకరి. నెలాఖరు ఆదివారం అరుగు మీద కూర్చుని, ఆ నెల పడిన తన వార్తలన్నీ కత్తిరించి, తెల్ల కాగితాల మీద మైదా జిగురుతో అతికించేవాడు. జిగురు ఆరేదాకా నేను గాలికి ఎగరకుండా రాళ్ళు పెట్టేవాణ్ణి. తర్వాత ఒక్కో ముక్క మీద స్కేలు పెట్టి ఎన్ని సెంటీమీటర్లు ఉందో కొలిచి పక్కన పెన్సిల్‌తో అంకె వేసేవాడు. లైన్ అకౌంట్ అంటే అదే. ఎన్ని సెంటీమీటర్లు పడితే అన్ని పైసలు. ఒకసారి మూడు రోజులు తిరిగి రాసిన వార్తను డెస్క్‌లో నాలుగు లైన్లకు కోశారు. దాని మీద స్కేలు పెట్టి చాలాసేపు అట్లనే చూస్తూ కూర్చున్నాడు. నెలంతా కలిపి వచ్చేది ఆయన బండి పెట్రోలుకు సరిపోయేది కాదు. ఇల్లు నడిచింది మా పిన్ని కుట్టుమిషన్ మీద.

అందరు విలేకర్ల ఇళ్ళలో కుట్టుమిషన్ ఉండదు. అందుకే కొందరు యాడ్స్ కమీషన్ మీద బతుకుతారు, కొందరు దారి తప్పుతారు. మీ నాయన చూసిన పేపరోళ్ళు వీళ్ళే అయి ఉంటారు. ఆయన భయం ఊరికే పుట్టలేదు. దాన్ని తీసిపారేయకుండా మాట్లాడు.

ఇన్నేళ్ళయినా నేను ఈ పని ఎందుకు వదల్లేదో ఇంకో రోజు రాస్తా. కళ్ళు మూతపడుతున్నాయి.

కోయిలసాగర్ (మహబూబ్‌నగర్)
4 మే, ఉదయం 10:05

డెస్క్ అన్న రాసింది నిజం. కానీ అది పేపర్ ఉద్యోగం సంగతి. చెల్లె అడిగింది చదువు సంగతి. రెండూ ఒకటి కాదు. నేను ఓయూలో ఇదే పీజీ చేశాను, ఇప్పుడు మహిళా సంఘాలతో పనిచేసే ఒక సంస్థలో ఉన్నాను. ఆ డిపార్ట్‌మెంట్ 1954లో మొదలైంది. దక్షిణాదిలో జర్నలిజం చెప్పడం మొదలుపెట్టిన పాత చోట్లలో అది ఒకటి.

మొదటి వారంలోనే మా మేడం మమ్మల్ని కోఠికి పంపించింది. పాత పుస్తకాల దుకాణాల దగ్గర ఒక పూట గడిపి పది వాక్యాలు రాసుకురమ్మంది. "విద్యా సంవత్సరం ఆరంభం కావడంతో వందలాది మంది విద్యార్థులు కోఠికి తరలివచ్చారు" అని నేను మొదలుపెట్టా. చిన్నప్పటి నుంచి పేపర్లో చదివిన వాక్యమే, బాగుందనుకున్నా. మేడం "వందలాది" చుట్టూ ఎర్ర పెన్నుతో సున్నా చుట్టి, "ఎవరు లెక్కపెట్టారు?" అంది. అంతే. తిట్టలేదు, ఇంకేం అనలేదు. కాగితం తిరిగి ఇచ్చింది.

మర్నాడు మళ్ళీ కోఠికి పోయా. రోడ్డుకు ఇవతల నిలబడి గంటసేపు నోటుబుక్కులో గీతలు గీశా, నాలుగు నిలువు, ఒకటి అడ్డం. గంటలో ఒక దుకాణం ముందు ఆగినవాళ్ళు 64 మంది. లెక్కపెడుతుంటే వేరే విషయం కళ్ళబడింది. ఆగిన వాళ్ళలో కొన్నది చాలా తక్కువమంది. ఒక తల్లి, ఇంటర్ చదివే కొడుకు. ఫిజిక్స్ పుస్తకం చేతిలో పట్టుకుని ధర దగ్గర పావుగంట బేరమాడారు. కుదరలేదు. తల్లి దుకాణదారుతో మాట్లాడుతూనే ఉంది, ఈలోపు ఆ పిల్లవాడు పక్కకు తిరిగి ఫోన్‌తో పేజీలు ఒక్కొక్కటే ఫొటో తీసుకుంటున్నాడు. దుకాణదారు చూశాడు, ఏమీ అనలేదు. నేను రాయాల్సిన వార్త అది. "వందలాది" అని రాసి ఇంటికి పోయి ఉంటే ఆ పిల్లవాడు నాకు కనబడేవాడే కాదు.

మాట్లాడటం నేర్పే చదువు అని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం అది నిలబడి చూడటం, అడగటం, విన్నదాన్ని సరిచూసుకోవడం నేర్పింది.

పెద్ద యూనివర్సిటీలో తప్పిపోతానన్నావు కదా. మొదటి నెల నేనూ తప్పిపోయా. తర్వాత ఆ పెద్దతనమే నాకు పనికొచ్చింది. మా హాస్టల్ రూములో నలుగురం నాలుగు జిల్లాలు. నేను ఆనిగెపుకాయ అంటే ఖమ్మం అమ్మాయి సొరకాయ అనేది. వార్తలో ఏది రాయాలని రాత్రి పన్నెండు దాకా కొట్లాడుకున్నాం. చదివేవాళ్ళు ఏమంటారో అది రాయాలి, కానీ చదివేవాళ్ళు ఎవరు? ఈ ప్రశ్న క్లాసులో రావడానికి ఆరు నెలలు ముందే మా రూములో వచ్చింది. చిన్న కాలేజీలో అందరం పాలమూరోళ్ళమే అయితే అసలు ఆ తగాదా రాదు.

డిండి_రైతు (అచ్చంపేట వైపు)
4 మే, మధ్యాహ్నం 2:30

బిడ్డా, నేను మీ నాయన ఈడువాణ్ణి. మా అమ్మాయి హైదరాబాద్‌లో ఈ చదువే రెండో సంవత్సరం చదువుతున్నది. నేను కూడా ముందు వద్దే అన్న. ఏ రాత్రి వస్తదో, ఎవరితో తిరగాల్నో అని.

నా మనసు మారింది ఒక కాగితంతోని. మా ఊరి చెరువు పూడిక తీసినమని లెక్క రాసిన్రు. తీసింది మేమెవరం చూడలే. పోయిన దసరా సెలవులకు వచ్చినప్పుడు మా అమ్మాయి సమాచార హక్కు కింద ఒక దరఖాస్తు రాసింది. ఎన్ని రోజులు పనిచేసిన్రు, ఎన్ని ట్రాక్టర్ల మట్టి పోసిన్రు, ఎక్కడ పోసిన్రు, బిల్లు ఎవరు పాస్ చేసిన్రు, ఇవే నాలుగు ప్రశ్నలు. కోపం మాట ఒక్కటి లేదు అందుల. నేను చెప్తే రెండు పేజీలు తిట్లే రాయిస్తుంటి. 2005 చట్టం ప్రకారం 30 రోజుల్ల జవాబు ఇయ్యాల్నట, ఇచ్చిన్రు. ఆ జవాబు గ్రామసభల నేనే నిలబడి చదివిన. అందరు గప్‌చుప్. ఆ రోజు అర్థమైంది, ఇది పేపరోళ్ళ చదువు ఒక్కటే కాదని.

కౌన్సెలింగ్ అయి సీటొచ్చినాక చేరే రోజు మీ నాయన్ను ఎంట తీస్కపో. హాస్టల్ చూడనియ్, అక్కడి ఆడపిల్లలతో మాట్లాడనియ్. చూడనిదానికే భయం ఎక్కువుంటది.

ఊరి_కెమెరా (కల్వకుర్తి)
4 మే, సాయంత్రం 6:18

నేను డిగ్రీ మధ్యలో ఆపి యూట్యూబ్ చానెల్ పెట్టుకున్నా. రెండేళ్ళు పీజీ చదివే టైంలో ఫోన్, మైకు, ట్రైపాడ్ కొనుక్కుని రోజుకో వీడియో తీస్తే ఎక్కువ నేర్చుకోవచ్చని నా అభిప్రాయం. ఊళ్ళో ఇప్పుడు పేపర్ చదివేవాళ్ళకంటే ఫోన్ చూసేవాళ్ళే ఎక్కువ. అక్క ఊరి నుంచే మొదలుపెట్టొచ్చు కదా?

డెస్క్_మనిషి
4 మే, రాత్రి 1:50

తమ్ముడూ, తీయడం చెయ్యి తిరిగితే వస్తుంది. ఏది తీయకూడదో ఎవరు చెప్తారు? ఒక చిన్నపిల్ల మీద అఘాయిత్యం జరిగిందనుకో. ఆ అమ్మాయి పేరు, ఫొటో, బడి, ఇల్లు, కుటుంబం, ఏ ఒక్కటీ బయటపెట్టకూడదని పోక్సో చట్టం చెప్తుంది. పేరు మార్చి ఊరూ బడీ రాస్తే సరిపోదు. 40 గడపల తండాలో "ఫలానా బడిలో ఏడో తరగతి" అంటే చాలు, అందరికీ తెలిసిపోతుంది.

ఊరి_కెమెరా
5 మే, ఉదయం 7:02

అన్నా, మీరు రాసింది చదివి రాత్రి నిద్ర పట్టలేదు. పోయినేడు అట్లాంటి వీడియో ఒకటి నేను పెట్టా. ముఖం కనబడకుండా చేశా, పేరు చెప్పలేదు, అంతే చాలనుకున్నా. కానీ ఇంటి గేటు చూపించా. వాళ్ళ మేనమామ ఫోన్ చేసి ఏడ్చాడు, అప్పుడు తీసేశా. అప్పటికి రెండు రోజులైంది. ఎందుకు తప్పో ఆ రోజు నాకు ఎవరూ చెప్పలేదు, తెలుసుకోవాలని నేనూ అడగలేదు. డిగ్రీ ఆపినవాళ్ళకు మళ్ళీ చదివే దారి ఉందా?

మూసీగట్టు
5 మే, ఉదయం 8:20

ఉంది తమ్ముడూ. అంబేద్కర్ ఓపెన్ యూనివర్సిటీలో డిగ్రీ పూర్తి చెయ్, పని చేసుకుంటూనే అవుతుంది. తర్వాత సీపీగెట్ రాయి.

వనపర్తి_సారు
5 మే, ఉదయం 11:15

నేను రిటైరైన తెలుగు ఉపాధ్యాయుణ్ణి. మన నల్లగొండ, పాలమూరు జిల్లాల పిల్లలు ఈ చదువు గురించి ఇంత మథనపడుతుంటే ఒక మాట గుర్తుచేయాలనిపించింది.

నల్లగొండ నుంచి 1922లోనే నీలగిరి పత్రిక వచ్చింది. నడిపింది షబ్నవీసు వెంకట రామనరసింహారావు. నిజాం రాజ్యంలో పాలనా భాష ఉర్దూ, తెలుగుకు చోటే తక్కువ. అటువంటి కాలంలో ఒక జిల్లా కేంద్రం నుంచి తెలుగు పత్రిక! ఆ తర్వాత నాలుగేళ్ళకు, 1926లో, హైదరాబాదులో గోలకొండ పత్రిక మొదలైంది. దాని సంపాదకుడు సురవరం ప్రతాపరెడ్డి మన పాలమూరు బిడ్డ. తెలంగాణలో తెలుగు కవులే లేరన్న మాట అప్పట్లో ఒకటి వచ్చింది. ఆయన దానికి వ్యాసం రాసి, కోప్పడి ఊరుకోలేదు. ఊరూరి నుంచి కవిత్వం తెప్పించి, 354 మంది కవుల రచనలతో 1934లో గోలకొండ కవుల సంచిక అచ్చువేశాడు. లేరన్నవాళ్ళ ముందు 354 పేర్లు పెట్టాడు.

పైన కోయిలసాగర్ అమ్మాయి రాసిన "ఎవరు లెక్కపెట్టారు" చదవగానే నాకు ఆయనే గుర్తుకొచ్చాడు. 1952లో మా వనపర్తి నుంచి ఎమ్మెల్యేగా కూడా గెలిచాడు. కానీ మా తరం ఆయనను తలచుకునేది ఆ సంచికతోనే.

అమ్మా బత్తాయితోటా, తండా పేరు తప్పు పడితే నీకు అంత బాధ కలిగింది చూడు, ఆ బాధ పోగొట్టుకోకు.

బత్తాయితోట
5 మే, రాత్రి 8:44

సార్, మీ మాటలు మా నాయనకు చదివి వినిపించా. 354 దగ్గర "మళ్ళా చదువు" అన్నాడు. డిండి బాపూ, చెరువు కాగితం సంగతి కూడా చదివా. ఆయన ఏమీ అనలేదు, కానీ లేచి పోలేదు.

కోయిలసాగర్ అక్కా, సిలబస్ చూస్తే థియరీలు చాలా ఉన్నాయి. అన్నీ అమెరికా పేర్లే. అవి మన ఊళ్ళకు ఏం పనికొస్తాయి? నా ఇంగ్లిష్‌తో అవి అర్థమవుతాయా?

కోయిలసాగర్
5 మే, రాత్రి 10:30

అర్థమవుతాయి, మీ తోటను పెట్టుకుని చదువు. మీ ఊళ్ళో బత్తాయికి డ్రిప్ పైపులు మొదట ఎవరు వేశారో మీ నాయన్ను అడుగు. ఒక్కరే వేసి ఉంటారు. మిగతావాళ్ళు గట్టు మీద నిలబడి చూసి ఉంటారు. ఆ చెట్లు ఎండాకాలం నిలబడ్డాక నలుగురు వేసి ఉంటారు, తర్వాత ఊరంతా. ఆఖరున ఇద్దరు ముసలివాళ్ళు ఇప్పటికీ కాలువ కట్టే పారిస్తుంటారు. 1962లో ఎవరెట్ రోజర్స్ అనే ఆయన పుస్తకం రాసి చెప్పింది ఈ వరసనే. కొత్త పద్ధతి ఎవరి నుంచి ఎవరికి, ఎట్లా పాకుతుందన్నది. దాని వెనక ఉన్న తొలి పరిశోధనల్లో ఒకటి అమెరికాలో మక్క రైతుల మీద చేసిందే, కొత్త విత్తనం ఎవరు ముందు వేశారు, ఎవరిని చూసి వేశారు అని. రైతుల ముచ్చటే.

అజెండా సెట్టింగ్ అని ఇంకొకటి వస్తుంది. మెకోంబ్స్, షా అనే ఇద్దరు 1972లో రాశారు. ఏమనుకోవాలో మీడియా చెప్పలేకపోవచ్చు, కానీ దేని గురించి అనుకోవాలో చెప్తుంది. ఇది చదివినప్పుడు నాకు మునుగోడు, మర్రిగూడ గుర్తుకొచ్చాయి. ఫ్లోరైడ్ నీళ్ళతో వంగిన కాళ్ళు అక్కడ ఎన్ని తరాలుగా ఉన్నాయి? 2022 నవంబరులో ఉప ఎన్నిక వస్తే ఢిల్లీ కెమెరాలు మునుగోడులో దిగాయి. ఓట్లు లెక్కపెట్టాక వెళ్ళిపోయాయి. ఆ ఊళ్ళు మాత్రం ఎన్నిక ముందూ ఉన్నాయి, తర్వాతా ఉన్నాయి. ఎవరో ఒకరు ఎన్నిక లేని ఏడాది కూడా వెళ్ళి రాయాలి. దేవరకొండ పిల్ల వెళ్ళకపోతే ఢిల్లీ నుంచి ఎవరు వస్తారు?

మన దేశం సంగతులు కూడా పాఠంలో ఉంటాయి. 1975లో ఉపగ్రహం ద్వారా పల్లెలకు టీవీ పాఠాలు పంపిన సైట్ ప్రయోగం, 6 రాష్ట్రాల్లో సుమారు 2,400 ఊళ్ళు, అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా ఉంది. మెదక్ వైపు 2008లో దళిత మహిళలు మొదలుపెట్టిన సంగం రేడియో కూడా. నేను అక్కడికి ఒకసారి పోయా. విత్తనాల గురించి ఒక అవ్వ మాట్లాడుతుంటే ఇంకో అక్క రికార్డు చేస్తున్నది. మధ్యలో అవ్వ ఆగి ఆలోచిస్తే ఆ అక్క తొందరపెట్టలేదు, ఆ మౌనం కూడా రికార్డు కానిచ్చింది. "ఎందుకు కట్ చేయరు" అని అడిగితే, "ఆమె యాద్ చేసుకుంటున్నది గద" అంది.

ఇంగ్లిష్‌కు ఒకటే మందు. రోజూ ఇంగ్లిష్ పేపర్లో ఒక చిన్న వార్త తీసుకుని తెలుగులో రాయి. ఆరు నెలల్లో నీకే తేడా తెలుస్తుంది. కంప్యూటర్ మీద యూనికోడ్‌లో తెలుగు టైపింగ్ కూడా ఇప్పుడే మొదలుపెట్టు.

అమ్రాబాద్_అడవి
6 మే, ఉదయం 6:50

మాది నల్లమల. 2019లో యురేనియం తవ్వకాల మాట వచ్చినప్పుడు "సేవ్ నల్లమల" అని హైదరాబాద్‌లో అందరి ఫోన్లలో మోగింది. సినిమావాళ్ళు కూడా మాట్లాడారు. సెప్టెంబరులో అసెంబ్లీ తవ్వకాలు వద్దని తీర్మానం చేసింది. సంతోషమే.

కానీ ఒక విషయం. ఆ రోజుల్లో మా చెంచు పెంటల్లో, అంటే అడవి లోపలి గూడేల్లో, చాలా చోట్ల సిగ్నలే లేదు. వాళ్ళ అడవి గురించి దేశమంతా మాట్లాడుతున్నదని వాళ్ళకు చెప్పింది సంతకు పోయివచ్చినవాళ్ళు, నడిచి వెళ్ళిన కార్యకర్తలు. వాళ్ళ మాట బయటికి వచ్చింది కూడా వేరేవాళ్ళ నోటి నుంచే. కమ్యూనికేషన్ చదివే పిల్లలు ఈ రెండు దార్ల గురించి ఆలోచించాలి. మాట బయటికి ఎట్లా పోయింది, లోపలికి ఎట్లా వచ్చింది. నేను ఎంఏ సోషియాలజీ, కానీ ఎవరైనా దీని మీద ప్రాజెక్టు చేస్తానంటే పెంటలకు తీసుకుపోతా. చెప్పులు గట్టివి వేసుకురండి.

మిర్యాలగూడ_రైస్‌మిల్
6 మే, మధ్యాహ్నం 12:10

ఉద్యోగాల సంగతి ఎవరూ సరిగ్గా రాయలేదు. మా తమ్ముడు ఇదే చదివి ఒక పెద్ద ఆసుపత్రిలో పబ్లిక్ రిలేషన్స్ చూస్తాడు. జీతం పేపర్ కంటే నయం. ప్రభుత్వంలో సమాచార శాఖ డీపీఆర్వో, ఏపీఆర్వో పోస్టులకు జర్నలిజం చదువు కావాలి, కానీ నోటిఫికేషన్లు రోజూ పడవు, వాటినే నమ్ముకుని కూర్చోవద్దు. పాఠాలు చెప్పాలనుకుంటే యూజీసీ నెట్‌లో ఇది ఒక సబ్జెక్టుగా ఉంది. అనువాదం, సబ్‌టైటిళ్ళు, ఫ్యాక్ట్‌చెక్, ఇవన్నీ ఇంటర్నెట్ వల్ల పెరిగిన పనులు. పెద్ద పేపర్లు సొంతంగా జర్నలిజం స్కూళ్ళు నడుపుతాయి, నేర్పుతూ స్టైపెండ్ ఇస్తాయి. పీజీ అయ్యాక అది కూడా రాయి.

డెస్క్_మనిషి
6 మే, రాత్రి 1:15

ఎందుకు వదల్లేదో రాస్తానన్నా కదా. పొడుగ్గా ఏం లేదు. రోజూ రాత్రి నా ముందుకు ఇట్లాంటి వార్త వస్తుంది: "మండల కేంద్రంలోని ప్రభుత్వ పాఠశాలలో స్వచ్ఛతా దినోత్సవం ఘనంగా నిర్వహించారు. ఈ సందర్భంగా ముఖ్య అతిథి మాట్లాడుతూ..." ఇట్లా 20 లైన్లు పోయాక, అట్టడుగున, "పాఠశాలలో 212 మంది విద్యార్థులకు రెండే మరుగుదొడ్లు ఉన్నాయని హెచ్‌ఎం తెలిపారు" అని ఉంటుంది. నేను ఆ ఆఖరి లైను తెచ్చి పైన పెడతా. ముఖ్య అతిథిని కిందికి దించుతా. తెల్లారి పేపర్లో మొదటి వాక్యం: "212 మంది పిల్లలు, రెండే మరుగుదొడ్లు." ఈ ఒక్క పని కోసం ఇన్ని రాత్రులు మేలుకున్నా, ఇంకా మేలుకుంటా.

అమ్మా, నీకో పని. చేరకముందే ఒక వార్త రాయి. మీ ఊళ్ళో నువ్వు కళ్ళతో చూసింది, ఆరు వాక్యాలు మించొద్దు. ఇక్కడే పెట్టు, నేను దిద్దుతా.

బత్తాయితోట
9 మే, రాత్రి 7:55

పరీక్ష మధ్యలో రెండు రోజులు గ్యాప్ దొరికితే రాశాను అన్నా.

"ఈ ఎండాకాలం మా గ్రామంలో బోర్లు ఎండిపోవడంతో రైతులు తీవ్ర ఆవేదన చెందుతున్నారు. నీరు అందక ముగ్గురు రైతులు బత్తాయి చెట్లను కొట్టివేశారు. ఒక తోటలో చెట్లు ఐదో ఏట కాపుకు వచ్చాయి. ఆ రైతు రెండు బోర్లు కొత్తగా వేయించినా నీళ్ళు పడలేదు. కొట్టిన చెట్లను కట్టెల కింద అమ్మారు. చెట్ల మీద ఇంకా పచ్చి కాయలు ఉన్నాయి."

డెస్క్_మనిషి
9 మే, రాత్రి 1:30

ఆఖరి వాక్యం మొదటికి తీసుకురా. కాయలతో ఉన్న చెట్టును రైతు కొట్టేశాడు, అదే వార్త. "తీవ్ర ఆవేదన" తీసెయ్. కాయలున్న చెట్టు మీద గొడ్డలి వేసినవాడి ఆవేదన నువ్వు విడిగా చెప్పక్కర్లేదు. కట్టెలు ఎంతకు అమ్మాడు? ఎన్ని చెట్లు? బోర్లు ఎన్ని అడుగులు వేశారు? ఇవి అడగాలి. "మా గ్రామం" అని రాయొద్దు, ఊరి పేరు రాయి. పేరు తప్పు పడితే ఏమవుతుందో నీకే బాగా తెలుసు.

ముగ్గురు అన్నావు. మూడు తోటలూ చూశావా?

బత్తాయితోట
10 మే, ఉదయం 5:40

రెండే చూశా అన్నా. మూడోది మా నాయన చెప్పాడు. పొద్దున్నే ఆయన్ను అడిగితే ఆయనా చూడలేదట, హోటల్ దగ్గర ఎవరో అన్నారట. ఆ తోట గుట్ట అవతల ఉంది. ఇప్పుడు బండి తీశాడు, టేపు, నోటుబుక్కు పట్టుకుని నేను ఎక్కుతున్నా. చెట్లు ఎన్నో ఇద్దరం లెక్కపెట్టుకుని వస్తాం.